పాలగ్లాసు బదులు వైన్ గ్లాసా?

ప్రశ్న: మా వారు లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యారు. షుగరుంది, మాత్రలు వాడుతున్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చుక్క ముట్టలేదు. ఇప్పుడు మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చినప్పుడల్లా తెల్ల వైన్ తెస్తున్నాడు. "పాలలో ఉన్నంత శక్తి ఇందులోనూ ఉంది, కొవ్వు అసలు లేదు, తీపి లేదు, గుండెకి మంచిది" అని ఫోన్లో లెక్కలు చూపిస్తున్నాడు. రాత్రి పాలు మాన్పించి ఒక గ్లాసు ఇది ఇమ్మంటున్నాడు. ఇవ్వొచ్చా?
- ఒక గృహిణి, రైల్వే కాలనీ, బిలాస్‌పూర్

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చూపించిన అంకెల్లో తప్పు లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల ఆవుపాలలో సుమారు 73 కేలరీలుంటాయి. తీపి లేని తెల్ల వైన్‌లోనూ 80 చిల్లర ఉంటాయి. అయితే ఆ కేలరీలు ఎక్కణ్ణుంచి వచ్చాయో కూడా చూడాలి. పాలలో 40 దాకా కొవ్వు నుంచి, 20 పాలలోని చక్కెర నుంచి, 13 మాంసకృత్తుల నుంచి వస్తాయి. వైన్‌లో 100 మిల్లీలీటర్లకి 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, గ్రాముకి 7 కేలరీల లెక్కన 70 దానివే. మాంసకృత్తులు గ్రాములో పదోవంతు కూడా ఉండవు. 100 గ్రాముల ఆవుపాలలో 118 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, అంతే వైన్‌లో ఉండేది 9. ఒక గ్లాసు పాలిచ్చే కాల్షియం కోసం వైన్ తాగాలంటే మూడు సీసాలు ఖాళీ చేసినా చాలదు. బి12 పాలలో ఉంది, వైన్‌లో లేదు. ఇనుము మాత్రం పాలకంటే వైన్‌లోనే రవ్వంత ఎక్కువ, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అది పాల గొప్ప కాకపోవడమే తప్ప వైన్ గొప్పేమీ కాదు. పాలలో ఇనుము దాదాపు లేనట్టే.

ఆ 70 కేలరీలైనా ఒంటికి పడతాయి కదా అంటారేమో. పడే తీరులోనే చిక్కుంది. కొవ్వునీ పిండినీ శరీరం దాచుకోగలదు, ఆల్కహాల్‌ని దాచుకోలేదు. అందుకని కాలేయం ముందు దాన్ని వదిలించుకునే పనిలో పడుతుంది. మీ వారికి చెబితే ఇట్టే అర్థమవుతుంది: మెయిన్ లైన్ మీదికి ఆల్కహాల్ వచ్చిందంటే, అది దాటిపోయేదాకా కొవ్వు లూప్ లైన్లో గూడ్సుబండిలా నిలబడాల్సిందే. వైన్‌లో కొవ్వు లేకపోయినా ఒంట్లో ఉన్న కొవ్వు కరగకుండా ఆపేది అదే.

మీ ఊరి చుట్టుపక్కల వేసవి మొదట్లో ఏరే ఇప్పపువ్వునే చూడండి. అక్కడివాళ్లు మహువా అనే ఆ పువ్వులో బోలెడంత చక్కెర ఉంటుంది, ఎండబెట్టి దాచుకుని తినే తిండి అది. పులియబెడితే ఆ చక్కెరే ఆల్కహాల్ అవుతుంది, బట్టీలో కాస్తే ఆవిరై వచ్చి సారాగా దిగేది ఆ ఆల్కహాలూ నీళ్లే, పువ్వులోని తక్కిన సారం కుండలోనే ఉండిపోతుంది. వైన్‌ని కాయరు కనుక ద్రాక్షలోని పొటాషియం లాంటివి కొంత మిగులుతాయి. అయినా ద్రాక్షపండు తిన్నదానికీ వైన్ తాగినదానికీ పోలిక పెట్టలేం.

ఇక గుండె మాట. ఆ పేరు మోసుకొచ్చింది ఎర్ర వైన్. ద్రాక్ష తొక్కతో పాటు పులిసినప్పుడే తొక్కలోని పదార్థాలు అందులోకి దిగుతాయి. తెల్ల వైన్‌కి రసం పిండి తొక్కని ముందే తీసేస్తారు, కాబట్టి అవి అందులో చాలా తక్కువ. కొద్దిగా తాగేవాళ్ల గుండె బాగున్నట్టు చెప్పిన పాత పరిశీలనల్లోనూ ఒక లొసుగుంది: 'తాగనివాళ్లు' అని లెక్కించినవాళ్లలో జబ్బు చేసి మానేసినవాళ్లూ కలిసిపోయారు. వాళ్ల పక్కన తాగేవాళ్లు ఆరోగ్యంగా కనబడటంలో వింతేముంది? సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. ఆ సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో 1988లోనే చేర్చింది.

తీపి లేదు కాబట్టి షుగరున్నవాళ్లకి మంచిదనడం వీటన్నిటికంటే ప్రమాదం. కాలేయం ఆల్కహాల్ పనిలో ఉన్నంతసేపూ రక్తంలోకి గ్లూకోజు వదలడం తగ్గుతుంది. కొన్ని రకాల షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకి, అందులోనూ ఏమీ తినకుండా తాగితే, అర్ధరాత్రి చక్కెర బాగా పడిపోవచ్చు. చెమటలు, తూలుడు, తడబడే మాట చూసి ఇంట్లోవాళ్లు మత్తనుకుని ఊరుకునే అపాయమూ ఉంది. నిద్ర పడుతుందనుకోవడమూ సగమే నిజం. తొందరగా పట్టిన నిద్ర తెల్లవారుజామున చెదురుతుంది.

పాలకి వంక పెట్టకూడదని కాదు. వెన్నతో భయమైతే డబుల్ టోన్డ్ పాలు తెప్పించండి. అందులో కొవ్వు ఒకటిన్నర శాతమే, కాల్షియమూ మాంసకృత్తులూ తగ్గవు. పాలు తాగితే కడుపుబ్బరం వచ్చేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు, వాళ్లకి పెరుగు, మజ్జిగ పడతాయి. అవీ వద్దంటే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన ఇళ్లలో చోడి (రాగి) అంబలి కొత్త కాదు కదా. 100 గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాములకి అటూ ఇటూగా కాల్షియం ఉంటుంది. అదే పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పెద్దవాళ్లకి రోజుకి కావలసింది 1000. చోడి పిండిలో చక్కెరగా మారే పిండిపదార్థమూ ఉంది, మీ వారికి ఎంత పెట్టాలో షుగరు లెక్క చూసి పెట్టండి.

కాబట్టి రాత్రి పాలు మాన్పించకండి, పంచదార మాత్రం వెయ్యకండి. మీ అబ్బాయి మాట కాదనలేక ఎప్పుడైనా పండక్కి ఒక గ్లాసు పుచ్చుకోవాలని మీ వారికే ఉంటే, ముందు తను వాడే మాత్రల పేర్లు డాక్టరుకి చూపించి అడగమనండి. ఆయన సరేనంటేనే, అదీ భోజనంతో పాటు.