తుప్పు మీద రంగు నిలవదు



గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం మనకు తెలిసినదే (లూకా 14:28-30). పునాది వేసి చేతులెత్తేసినవాణ్ణి చూసి నలుగురూ నవ్వుతారు. ఈ ఉపమానం ఎంత నిజమో పాత స్పోర్ట్సు కారును బాగుచేయ పూనుకున్నవారికి బాగా తెలుసు.

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డుకు దక్షిణాన అబింగ్డన్ అనే పట్టణం ఉంది. అక్కడి పురాతన బెనెడిక్టు మఠాన్ని ఎనిమిదవ హెన్రీ కాలంలో, 1538లో మూసివేశారు. అదే పట్టణంలో 1929 నుండి 1980 వరకు ఎం.జి. కార్ల కర్మాగారం నడిచింది. అక్కడ 1962 నుండి తయారైన 'ఎం.జి.బి.' అనే చిన్న కారు 5 లక్షలకు పైగా అమ్ముడైంది. కర్మాగారం మూతపడినా, ఆ కార్లను బాగుచేసి నడుపుకునేవారు నేటికీ ఉన్నారు.

1. లోపలి తుప్పు

ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు. బాడీయే బరువంతా మోస్తుంది. తలుపుల కింద రెండు వైపులా పొడవునా ఉండే రేకు పెట్టెలే దానికి వెన్నెముక. నీరు, బురద వాటిలో చేరి లోపలి నుండి తినివేస్తాయి. పైకి చిన్న బుడగ కనిపిస్తే లోపల జానెడు రేకు పోయిందన్నమాట. కొందరు అమ్మకందార్లు దానిపై లప్పం పూసి, రంగు కొట్టి మెరిపిస్తారు. రెండు వానాకాలాలు గడిచేసరికి గుట్టు బయటపడుతుంది. సరైన పనివాడు కుళ్లిన రేకు కోసి, కొత్తది వెల్డింగు చేస్తాడు. కోసే ముందు తలుపు ఖాళీలో ఇనుప కడ్డీలు ఆనించి బిగిస్తాడు. లేకుంటే బాడీ కుంగి, తర్వాత తలుపులు పడవు.

పాపసంకీర్తనం కూడా ఇటువంటిదే. ఆత్మపరిశోధన లేకుండా, పాపాన్ని విడిచిపెట్టే నిశ్చయం లేకుండా చేసేది లప్పం పని. సున్నం కొట్టిన సమాధులని ప్రభువు అన్నది ఇటువంటి మెరుపునే (మత్తయి 23:27).

2. అయ్యే ఖర్చు

విడిభాగాలకు పెద్ద కొరత లేదు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988 నుండి పాత అచ్చులతోనే కొత్త బాడీలు తయారుచేసింది. అసలు ఖర్చు టింకరింగుకు, రంగుకు, కూలికి అవుతుంది. తుప్పు పట్టిన ఒక్క బోల్టు ఊడదీయడానికి పూటంతా పట్టవచ్చు. అనుకోని ఖర్చులూ ఉంటాయి. పూర్వం పెట్రోలులోని సీసం ఇంజను వాల్వు సీట్లను కాపాడేది. బ్రిటన్‌లో 2000 నుండి సీసం కలిపిన పెట్రోలు మామూలు అమ్మకాలు ఆగిపోయాయి. కనుక హెడ్డు విప్పి గట్టి సీట్లు వేయించుకోవలసి వస్తుంది. అన్నీ కలిపి చూస్తే, బాగుచేసిన కారు అమ్మినా పెట్టిన సొమ్ము తిరిగి రాకపోవడమే ఎక్కువ.

అందుకే అనుభవజ్ఞులు ఒక మాట చెబుతారు: ఇంజను పాడైనా ఫరవాలేదు, బాడీ గట్టిగా ఉన్న కారునే కొనండి. కొనకముందే కారును పైకెత్తించి అడుగు భాగం పొడిచి చూడండి. వేసిన లెక్క మీద మరికొంత చేతిలో ఉంచుకోండి. ఒక భాగం ముగించాకే మరొకటి విప్పండి. అంతా ఒకేసారి విప్పి, డబ్బు చాలక డబ్బాల్లో మిగిలిపోయిన కార్లు ఎన్నో!

3. దొరికే ప్రతిఫలం

మరి ఎందుకు చేస్తారు? స్పానరు పట్టగలిగిన మనిషి ఈ కారును తానే అర్థం చేసుకోగలడు. తండ్రి పక్కన నిలబడి కొడుకో కూతురో పని నేర్చుకోగలరు. ఏళ్ల తరబడి మౌనంగా ఉన్న ఇంజను మొదటిసారి పలికిన రోజు కలిగే ఆనందం డబ్బుతో కొలిచేది కాదు. వాడి పారవేసే సంస్కృతిని పోపు ఫ్రాన్సిస్ 2015లో తన 'లౌదాతో సీ' లేఖలో ఖండించారు. పారవేయదగిందనుకున్న దానిలో విలువ చూడగలగడం మంచి గుణమే. దేవుడు మనల్ని చూసేదీ అలాగే కదా!

4. హద్దు

అయితే తుప్పు పట్టే ధనాన్ని కూడబెట్టుకోవద్దన్నది కూడా ప్రభువే (మత్తయి 6:19). పిల్లల ఫీజు, ముసలి తల్లి మందులు, పేదల వాటా ఆ షెడ్డులోకి పోతుంటే, అక్కడున్నది కారు కాదు, విగ్రహం. 1964లో బొంబాయి దివ్యసత్ప్రసాద మహాసభకు వచ్చిన జగద్గురువు ఆరవ పౌలు గారు తాము వాడిన లింకన్ కారును మదర్ తెరెసాకు ఇచ్చివెళ్లారు. ఆమె దాన్ని లాటరీ పెట్టి, వచ్చిన సొమ్మును కుష్ఠురోగుల సేవకు వినియోగించారు. కారును బాగుచేయడం తప్పు కాదు. దాన్ని వదులుకోలేకపోవడమే ప్రమాదం.

ఆలోచించండి:
– నా జీవితంలో లప్పం పూసి దాచిన తుప్పు ఏది?
– మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన మంచి పని ఏది? దాన్ని ముగించడానికి ఏం కావాలి?
– నా సరదాకు పెట్టే ఖర్చులో ఇతరుల వాటా కలిసి ఉందా?