పనిలో గాయపడితే పరిహారం ఎంత?

1923 నాటి వర్క్‌మెన్ నష్టపరిహార చట్టం 1924 జూలై 1న అమల్లోకి వచ్చింది. 2010లో దాని పేరులోని ‘వర్క్‌మెన్’ స్థానంలో ‘ఉద్యోగి’ చేరింది. 2025 నవంబరు 21 నుంచి అమలైన సామాజిక భద్రతా కోడ్, 2020లో ఈ చట్టం విలీనమైంది. పాత పుస్తకాలతో చదివేవారు ఇక్కడే పొరబడతారు.

లెక్కే అసలు ప్రశ్న. మరణిస్తే నెల జీతంలో 50 శాతాన్ని, శాశ్వత పూర్తి వైకల్యమైతే 60 శాతాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చించాలి. 1923 చట్టం కింద 2020 నుంచి జీతాన్ని గరిష్ఠంగా రూ.15,000గానే లెక్కించేవారు. 40 ఏళ్ల కార్మికుడి గుణకం 184.17. కాబట్టి ఆ జీతంపై మరణ పరిహారం 7,500 × 184.17 = రూ.13,81,275.

తాగి పనిచేస్తూ గాయపడితే యజమాని తప్పించుకోవచ్చు. అయితే మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి ఆ సాకు చెల్లదు. పరీక్షలో ఇదే మెలిక!

ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో జరిగే ప్రమాదం, పనితో సంబంధం రుజువైతే, కోడ్‌లో స్పష్టంగా చేరింది. ఈఎస్ఐ వర్తించేవారికి పరిహారం యజమాని నుంచి కాదు, ఈఎస్ఐ కార్పొరేషన్ నుంచే.