మంచు పొరలలోని హెచ్చరిక

నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలోని రామతీర్థం తీరాన మత్స్యకారుడు పడవను నీటిలోకి నెట్టే ముందు కొంతసేపు కడలిని పరికిస్తాడు. గాలి ఏ దిక్కునుండి వీస్తున్నదో, కెరటాలు ఎక్కడ విరుగుతున్నవో గమనిస్తాడు. అనుకూలం కాదని తోస్తే ఆనాటి వేట మానుకుంటాడు. ఆ వెనుకంజను ఎవరూ పిరికితనంగా ఎంచరు. మంచుకొండలపై సంచరించేవారికి కూడ ఈ వివేకమే ప్రాణాధారం.

మంచు ఎరుగని ఈ జిల్లాలోనే, సంగం మండలం గాంధీజనసంఘంలో, పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు జన్మించారు. 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజులలో అధిరోహించి ఖ్యాతి గడించారు. అంతటి అనుభవశాలి 2015 మార్చిలో ఆండీస్ పర్వతాలలో అసువులు బాశారు. ఎంతటి నేర్పరికైనా పర్వతం ప్రమాదకరమేనని ఆ విషాదం గుర్తుచేస్తున్నది.

పర్వతాలపై పొంచి ఉండే ప్రమాదాలలో మంచుచరియలు ముఖ్యమైనవి. శీతకాలమంతా కురిసిన మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. గట్టి పొర కింద పంచదారవలె పట్టులేని పొర ఉంటే అదే అనర్థానికి మూలం. సుమారు 30 నుండి 45 డిగ్రీల వాలుపై స్కీయింగ్ చేసేవాని బరువు పడగానే ఆ బలహీనమైన పొర కుంగిపోవచ్చు. అప్పుడు పైనున్న మంచు పెద్ద పలకవలె జారిపోతుంది. ప్రాణాలు తీసే చరియలలో అత్యధికం బాధితులో, వారి సహచరులో కదిలించినవే.

కనుక జాగరూకులు ముందుగా సంకేతాలను గమనిస్తారు. ఇటీవల విరిగిపడిన చరియల జాడలు, పాదాల కింద మంచు కుంగే చప్పుడు, పాకే పగుళ్లు, కొత్తగా కురిసిన భారీ మంచు, బలమైన గాలి, హఠాత్తుగా పెరిగిన వేడిమి ప్రమాద సూచనలు. పిదప అదే దిక్కుకు తిరిగి ఉన్న సురక్షితమైన చిన్న వాలుపై గొయ్యి తవ్వుతారు. 30 సెంటీమీటర్ల చదరపు మంచు స్తంభాన్ని చెక్కి, దానిపై పార ఉంచి, మణికట్టు కదలికతో 10, మోచేతి కదలికతో 10, భుజం కదలికతో 10 దెబ్బలు వేస్తారు. తేలిక దెబ్బలకే పొర తెగి జారితే ఆ వాలును విడిచిపెట్టాలి. తెగకపోయినంత మాత్రాన అభయం లభించినట్లు కాదు. కొన్ని అడుగుల అవతల మంచు మరొక తీరుగా ఉండవచ్చు.

సందేహం కలిగినప్పుడు మరలి రావడమే ఈ విద్యకు పరమార్థం. తీరాన ఆగిన పడవకు మరునాడు వేట ఉంటుంది.

ప్రశ్నలు
1. మంచు పొరలను పరీక్షించే విధానాన్ని వివరించండి.
2. మత్స్యకారుని వివేకానికి, పర్వతారోహకుని వివేకానికి గల సామ్యం తెలపండి.