ఇల్లు కిరాయికిచ్చు చిన్న యజమానులు – పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

వరంగల్లు ప్రాంతమున ఇల్లు కిరాయికిచ్చుట కొత్త విషయము కాదు. 1934లో ఆజంజాహి మిల్లు వెలసిన నాటి నుండియు, కాజీపేట రైల్వే కూడలి పెరిగిన నాటి నుండియు పని వెదకుకొనుచు వచ్చినవారికి తల దాచుకొన ఒక గది కావలసివచ్చినది. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు పునాది పడినది. ఆ సంవత్సరముననే వైద్య కళాశాలయు ఏర్పడినది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయము వచ్చినది. మిల్లు మూతపడినది గాని గదులు వెదకువారి సంఖ్య తగ్గలేదు. హనుమకొండ నయీంనగరు వీధులలో నడచి చూడుడు, ప్రతి నాలుగవ గేటుకు ‘టు-లెట్’ బోర్డు కనిపించును.

ఇప్పుడు ఈ వ్యవహారము నగరము దాటి గ్రామములకును వచ్చినది. 2017 అక్టోబరు 22వ తేదీన గీసుగొండ, సంగెం మండలములలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కునకు శంకుస్థాపన జరిగినది. ఇటువంటి పరిశ్రమలు వచ్చు చోట్ల పనివారు ముందుగా అడుగునది గది. ఊరిలో ఖాళీ స్థలమున్న రైతు రెండు గదులు కట్టి కిరాయికిచ్చును. అతడు తనను ‘యజమాని’ అని తలచుకొనడు, పంటతోపాటు వచ్చు మరియొక చిన్న రాబడి అనుకొనును. కావున పొలము విషయములో తీసికొను జాగ్రత్త ఇంటి విషయములో తీసికొనడు. ఆ తరువాత వచ్చు తగవు మాత్రము పంచాయతీ సభ్యుల గడపకే చేరును.

కొంతకాలము క్రిందట మేమొక గ్రామసభకు వెళ్లియుంటిమి. వీధి దీపముల చర్చ ముగియగానే ఒక వృద్ధురాలు లేచినది. భర్త లేడు; కొడుకు దూర దేశమున పనిలో నున్నాడు. ఇంటి ప్రక్కన వేసిన రెండు రేకుల గదులపై వచ్చు కిరాయియే ఆమె మందులకు, ఉప్పుపప్పులకు ఆధారము. కిరాయిదారు ఏడు నెలలుగా పైకము ఇచ్చుట లేదు. కరెంటు బిల్లు కూడ కట్టుట లేదు. తాను ఇరువది వేలు అడ్వాన్సు ఇచ్చితినని అతడనును; పదివేలే ముట్టినవని ఆమె యనును. కాగితము లేదు, రసీదు లేదు, సాక్షియు లేడు. ఒక వార్డు సభ్యుడు లేచి, “తాళం వేసి సామాన్లు బయట పెడదాం, అవ్వా! ఎవడు అడ్డమొస్తడో చూస్తం” అన్నాడు. సభ అంతయు చప్పట్లు కొట్టినది.

ఆ చప్పట్ల నడుమ మేము కాదనవలసివచ్చినది. ఆ సభ్యుని ఉద్దేశము మంచిదే. కాని అతడు చెప్పిన ఉపాయము ఆ వృద్ధురాలినే ముద్దాయిని చేయును. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టము, 6వ సెక్షను ప్రకారము, స్వాధీనములో నున్న వ్యక్తిని అతని సమ్మతి లేకుండ, చట్టప్రకారము గాక వెడలగొట్టినచో, అతడు ఆరు నెలల లోపల సివిలు కోర్టులో దావా వేసి తిరిగి స్వాధీనము పొందవచ్చును. ఆ దావాలో ఇల్లెవరిది అను ప్రశ్నకే తావు లేదు. సొంత యజమాని వెడలగొట్టినను ఫలితమొకటే. సామానులు వీధిలో వేయునప్పుడు ఏదైన పోయినదని అతడు ఫిర్యాదు చేసినచో, తాళము వేయించిన సభ్యుడు కూడ ఠాణా మెట్లెక్కవలసి యుండును. కరెంటు తీగ కత్తిరించుట, నల్లా బిగించివేయుట మొదలైన పనులును ఇటువంటివే.

తాళము కాకున్న మరి దారి యేమి? దానికి ముందు ఏ ఊరికి ఏ చట్టము వర్తించునో తెలిసియుండవలెను. నగరములలోను పురపాలక ప్రాంతములలోను 1960 నాటి భవనముల అద్దె నియంత్రణ చట్టము కలదు. అంతకు పూర్వము తెలంగాణ ప్రాంతమున 1954 నాటి హైదరాబాదు చట్టము ఉండెడిది. 1960 చట్టమును ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిననే తప్ప గ్రామములకు వర్తింపజేయలేదు. గ్రామమున ఇంటి కిరాయికి ఆధారము 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము. 2013లో 42 గ్రామములు వరంగల్లు నగరపాలక సంస్థలో విలీనమైనప్పుడు, అచటి ఇండ్ల గోడలు మారలేదు గాని వాటిపై చట్టము మారినది. అయితే 2005 సవరణ ననుసరించి నగరపాలక సంస్థల ప్రాంతములలో నెలకు 3,500 రూపాయలకు, ఇతర ప్రాంతములలో 2,000 రూపాయలకు మించిన కిరాయి గల భవనములు ఆ నియంత్రణ నుండి తప్పించబడినవి. అట్టి ఇండ్లకు మరల 1882 చట్టమే గతి. పొలము కౌలు సంగతి వేరు. దానికి 1950 నాటి కౌలుదారీ చట్టము ఉన్నది. ఈ రెంటిని కలిపి మాట్లాడుట వలన రచ్చబండ వద్ద చాల గందరగోళము పుట్టుచున్నది.

ఇక అసలు విషయము. ఇల్లు ఖాళీ చేయించు దినమున యజమానికి ఉండు బలము, ఇల్లు ఇచ్చిన దినమున వ్రాసికొన్న కాగితమునుబట్టి యుండును. గడువు ఎంతదైనను కిరాయి పత్రమును రిజిస్టరు చేయించవలెను. చేయించనిచో అందలి షరతులను కోర్టు రుజువుగా స్వీకరింపదు.  మూడేండ్లకని తెల్లకాగితము మీద వ్రాసి, నలుగురు పెద్దల సంతకములు పెట్టించిన పత్రములను మేము చూచితిమి. సంతకములు ఎన్ని యున్నను రిజిస్ట్రేషను లోపము తీరదు. స్టాంపు కాగితము మీద వ్రాసికొని, రిజిస్టరు చేయించి, గడువు తీరగానే కొత్తది వ్రాసికొనుట చిన్న యజమానికి అనుకూలముగా నుండును.

ఆ పత్రములో ఏమి వ్రాయవలెను? కిరాయి ఎంత, ఏ తేదీ లోపల చెల్లించవలెను, అడ్వాన్సు ఎంత ముట్టినది అను సంగతులు అందరును వ్రాయుదురు. చాలమంది మరచునది మరియొకటి యున్నది. 1882 చట్టము ప్రకారము, పత్రములో నిషేధము లేకున్నచో కిరాయిదారు తన గదిని ఇంకొకరికి మారు కిరాయికి ఇయ్యవచ్చును. మీరు ఒక కుటుంబమునకు ఇచ్చిన గదిలో ఆరు నెలల తరువాత ఎనిమిదిమంది అపరిచితులుండుట ఇందువలననే జరుగును. కావున మారు కిరాయి కూడదనియు, ఎందరు ఉందురో, నివాసమునకో దుకాణమునకో యనియు స్పష్టముగా వ్రాయవలెను. ఎరువుల బస్తాలు, గ్యాసు బండలు నిలువ చేయుటకు నివాసపు గదిని వాడిన పక్షమున ప్రక్క ఇంటికిని ప్రమాదము కలుగును. కరెంటు మీటరు అంకె, ఫంకాలు, దీపములు, తలుపు తాళములు ఎన్ని యున్నవో పత్రము వెనుక వ్రాసి ఇరువురును సంతకము చేయవలెను. నేడు ప్రతి ఇంటను ఫోను ఉన్నది. గోడలకు, నేలకు, స్నానపు గదికి ఆ దినముననే ఫొటోలు తీసి కిరాయిదారునకు కూడ పంపవలెను. కిరాయిదారు ఆధారు నకలు తీసికొని, అతని వివరములు పోలీసు ఠాణాలో తెలియజేయుట మంచిది.

గది ఇచ్చునప్పుడు మనిషి పని, రాబడి, పాత ఇంటి యజమాని చెప్పిన మాట విచారించవలెను. కులము విచారించుట మాత్రము ఇంకను కొన్ని ఊళ్లలో మానలేదు. కిరాయి సక్రమముగా చెల్లించుటకును కులమునకును సంబంధము లేదు. పంచాయతీ సభ్యుడే తన గేటు వద్ద ఆ ప్రశ్న అడిగినచో ఊరిలో ఎవరికి చెప్పగలడు?

రసీదు విషయమున యజమానులు బద్ధకింతురు. “నమ్మకం లేదా?” అని కిరాయిదారును మందలించువారును కలరు. రసీదు ఇరువురికిని రక్ష. ఫోను ద్వారా పైకము పంపినను, ఏ నెల కిరాయి అన్నది అందులోనే వ్రాయించవలెను. లేనిచో చేబదులు తీర్చినాననియు, అడ్వాన్సు కట్టినాననియు తరువాత వాదములు పుట్టును. బకాయి కిరాయికి దావా వేయుటకు మూడేండ్ల కాలపరిమితి గలదు. మొగమాటముతో నాలుగేండ్లు ఊరకున్నచో తొలి నెలల పైకము నీటిపాలగును.

అడ్వాన్సు తనది కాదని యజమాని గుర్తించవలెను. పెండ్లి ఖర్చులకో విత్తనములకో దానిని వాడివేసి, ఖాళీ చేయు దినమున చేతులెత్తుట తగవులకు పెద్ద కారణము. ఆ పైకమును పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేరుగా నుంచవలెను. అద్దె నియంత్రణ చట్టము వర్తించు ఇండ్లకు ఒక నెల కిరాయికి మించి ముందుగా అడుగరాదు. కేంద్ర ప్రభుత్వము 2021లో రాష్ట్రములకు పంపిన నమూనా చట్టమున నివాస గృహములకు రెండు నెలలు, ఇతర భవనములకు ఆరు నెలలు పరిమితిగా చూపబడినవి. అది నమూనా మాత్రమే. అయినను ఊరిలో ఎంత అడుగుట న్యాయమో తేల్చుకొనుటకు మంచి కొలత.

వాన కాలము యజమానికి పరీక్షా కాలము. 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను కురిసిన వానలకు వరంగల్లు, హనుమకొండలలోని పల్లపు కాలనీలు నీట మునిగిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండును. నాలా ఒడ్డున, చెరువు శిఖములో కట్టిన గదికి ఏ పత్రమును రక్ష కాజాలదు. అట్టి చోట కట్టుటకు అనుమతి అడిగినప్పుడే సభ్యులు అడ్డు చెప్పవలెను. మిగిలిన ఇండ్లకు మృగశిర కార్తెకు ముందే శ్లాబు మీది ఆకులు తీయించి, నీటి గొట్టములు శుభ్రపరచి, పగుళ్లు పూడ్పించవలెను. రేకుల గదులైనచో మేకుల వద్ద కారుటను చూడవలెను. వందల రూపాయలతో తీరు పని ఒక వాన దాటినచో వేలకు చేరును. యజమాని చేయవలసిన మరమ్మతును, కిరాయిదారు తెలియజేసిన తరువాత తగిన కాలములో చేయనిచో, అతడే చేయించుకొని ఖర్చును వడ్డీతో కిరాయిలో తగ్గించుకొను హక్కును చట్టమిచ్చుచున్నది. వాడుకలో వచ్చు సహజమైన అరుగుదల తప్ప, ఇల్లు పుచ్చుకొన్నప్పుడు ఎట్లుండెనో అట్లు అప్పగించుట కిరాయిదారు బాధ్యత. వరద వలన ఇల్లు పూర్తిగా పాడై నివాసమునకు పనికిరాకున్న, కిరాయి ఒప్పందమును రద్దుచేసికొను స్వేచ్ఛ అతనికి గలదు. అట్టివానిని మిగిలిన నెలల పైకమునకై పీడించుట తగదు.

కరెంటు కనెక్షను యజమాని పేరున ఉన్నంత కాలము బకాయి అతని తలకే చుట్టుకొనును. ప్రతి నెల బిల్లు చెల్లించిన రసీదు చూచుట నామోషీ కాదు. ఇంటి పన్ను పంచాయతీకి యజమానియే సకాలమున చెల్లించవలెను; కొత్త గదులు కట్టినప్పుడు వాటిని మదింపులో చేర్పించవలెను. సభ్యుల సొంత గదులే లెక్కలో లేకున్నచో బిల్లు కలెక్టరు ఎవరిని అడుగగలడు?

ఇక నోటీసు. నెలసరి కిరాయిని ముగించుటకు, వేరు ఒప్పందము లేనిచో, పదునైదు దినముల నోటీసు చాలును. అది వ్రాతపూర్వకముగా, సంతకముతో నుండవలెను. రిజిస్టరు పోస్టులో పంపుట మేలు. స్వయముగా ఇచ్చి నకలుపై సంతకము పుచ్చుకొనవచ్చును. అది కుదరనిచో తలుపునకు అంటించుటకును చట్టము ఒప్పును. గడువు నోటీసు అందిన దినము నుండి లెక్కింపబడును. వస్తువులు తయారుచేయు కార్ఖానాకు ఇచ్చినచో, ఒప్పందము లేనప్పుడు, ఆరు నెలల నోటీసు అవసరము. నోటీసు గడువు తీరిన తరువాతి నెలకు మరల కిరాయి పుచ్చుకొన్నచో, మీ నోటీసును మీరే వదలుకొన్నట్లు వాదించుటకు వీలు కలుగును. పాత బకాయి తీసికొనవచ్చును గాని, రసీదులో ‘ఫలానా నెల బకాయి’ అని వ్రాయవలెను. అప్పటికిని కదలనిచో సివిలు కోర్టే దారి. బీదవారికి, స్త్రీలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితముగా న్యాయవాదిని ఏర్పరచును. లోక్ అదాలతులో రాజీకి కోర్టు ఖర్చు లేదు. ఈ సంగతి చెప్పి, ఆ కార్యాలయమునకు తోడు వెళ్లుట సభ్యుడు చేయగల గొప్ప సహాయము.

గ్రామసభలోని వృద్ధురాలి తగవు చివరకు కోర్టు దాకా పోలేదు. ఆ వార్డు సభ్యుడే మరునాడు ఇరువురిని కూర్చుండబెట్టినాడు. కిరాయిదారునకు పనిచేసిన చోట కూలి నిలిచిపోయినదని అప్పుడు తెలిసినది. అడ్వాన్సు పదునైదు వేలుగా ఇరువురును ఒప్పుకొని, దానిని బకాయిలో జమ కట్టిరి. మిగిలినది, కరెంటు బిల్లుతో సహా, మూడు వాయిదాలలో చెల్లించునట్లును, రెండవ నెలాఖరుకు ఖాళీ చేయునట్లును వ్రాసికొనిరి. మూడవ వాయిదా కొంత ఆలస్యముగా వచ్చినదట. గదులలోనికి ఇప్పుడొక దంపతులు దిగినారు. వృద్ధురాలు స్టాంపు కాగితము తెచ్చి, అది చదివి వినిపించుమని పంచాయతీ కార్యదర్శిని రెండు పర్యాయములు అడిగి, మీటరు అంకె వ్రాసిన చోట తానే వ్రేలు పెట్టి చూపించి, ఆ తరువాతనే తాళపు చెవి ఇచ్చినదని ఆ సభ్యుడు మాకు చెప్పినాడు.