పెడల్ దిగిపోతోందా? పాత స్పోర్ట్స్ కారు బ్రేక్ పంపుకు 14 చిట్కాలు

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. కాలు పెడల్ మీదే ఉంది. నేనేమీ గట్టిగా నొక్కలేదు. అయినా పెడల్ లిఫ్టు దిగినట్టు మెల్లగా నేలకేసి జారిపోయింది. అమెరికాలో మా గ్యారేజీలో ఉన్నది 1991 మజ్దా మియాటా. రెండే సీట్లు, మడతపెట్టే టాపు, వెనక చక్రాలతో నడిచే తేలికపాటి బండి. ఈ మోడల్ 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో జనం ముందుకు వచ్చింది. ఆ తొలి బండ్లలో ఎక్కడైనా మార్చని రబ్బరు మిగిలి ఉంటే దాని వయసు ముప్ఫై దాటినట్టే. బ్రేక్ పంపు, అంటే మాస్టర్ సిలిండర్, లోపల ఆయిల్‌ను ఆపి ఉంచేది రబ్బరు వాషర్లే. ఆ పంపు మార్చేటప్పుడు నేను చేసిన తప్పులు, నేర్చుకున్న కిటుకులు ఇవి. ఏ పాత బండికైనా సూత్రం ఒకటే. కొలతలు మాత్రం మీ కారు మాన్యువల్‌లో చూసుకోండి.

1. ముందు కాలితో వినండి. ఒకే బలంతో నొక్కి ఉంచినా పెడల్ దిగిపోతూ, పంపు మీది డబ్బాలో ఆయిల్ మాత్రం తగ్గకపోతే పంపు లోపలి వాషర్ అరిగి ఆయిల్‌ను వెనక్కి వదిలేస్తోందని అర్థం. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉండి రెండుమూడు సార్లు కొడితే పైకి వస్తుంటే లైన్‌లో గాలి ఉందేమో చూడండి. పెడల్ రాయిలా ఉండి బండి ఆగకపోతే అనుమానం బూస్టర్, అంటే కాలి బలాన్ని పెంచే భాగం, మీదికి పోవాలి. ఇంజిన్ ఆపి నాలుగైదు సార్లు నొక్కండి. కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్ బాగున్నట్టే.

2. పంపును దోషిగా నిలబెట్టే ముందు ఇల్లంతా వెతకండి. నాలుగు చక్రాల లోపలి వైపు, గొట్టాల కీళ్లు, రబ్బరు హోసులు చూడండి. ఆయిల్ తగ్గుతున్నా ఎక్కడా తడి కనపడకపోతే పంపు, బూస్టర్ కలిసే చోట టిష్యూ కాగితంతో కింద నుంచి తుడవండి. మా బండిలో టిష్యూకు తడి అంటింది. బూస్టర్ నల్లరంగు మీద పెయింట్ పొరలుగా లేచి, కింద తుప్పు చార కనిపించింది. పంపు వెనక సీలు కారుతోందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

3. అనుమానం వచ్చాక బండి బయటికి తీయకండి. “షాపు దాకానే కదా” అనిపిస్తుంది. అమెరికాలో 1968 నుంచి కార్లకు రెండు విభాగాల బ్రేకులు తప్పనిసరి. ఒక విభాగం పోయినా రెండోది ఎంతో కొంత ఆపుతుంది. అంతకు ముందరి స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి ఉన్నది ఒక్కటే విభాగం. అది పోతే ఇక హ్యాండ్‌బ్రేకే దిక్కు. టోయింగ్ ఖర్చు దగ్గర పిసినారితనం వద్దు.

4. కిట్ వేయాలా, కొత్తది కొనాలా అన్నది సిలిండర్ లోపలి గోడ చెబుతుంది. పంపు విప్పి, లోపల తుడిచి, టార్చి వేసి చూడండి. గోడ అద్దంలా నున్నగా ఉంటే వాషర్ల కిట్ సరిపోతుంది. గోరు తగిలేంత గుంట గానీ గీత గానీ ఉంటే కొత్త వాషర్‌ను కూడా అది నెలల్లోనే కోసేస్తుంది. పోత ఇనుము సిలిండర్‌ను కొద్దిగా హోనింగ్, అంటే లోపలి గోడను సన్నగా అరగదీయడం, చేయవచ్చు. అల్యూమినియం దాన్ని గీకితే పైపొర పోయి ఇంకా చెడుతుంది. కొత్త పంపు దొరకని అరుదైన కార్లకు లోపల స్టీలు లేదా ఇత్తడి స్లీవ్ వేయించడం మంచి దారి. మియాటా లాంటి వాటికి కొత్త పంపు ఇప్పటికీ దొరుకుతుంది కాబట్టి కిట్‌తో కుస్తీ పట్టనక్కర్లేదు.

5. ఏబీఎస్ పంపు జోలికి ఇంట్లో వెళ్లకండి. 1980ల చివర్లో వచ్చిన కొన్ని కార్లలో, ఉదాహరణకు 1988లో వచ్చిన బ్యూక్ రియాటాలో, మోటారు, మాస్టర్ సిలిండర్, ఏబీఎస్ అన్నీ ఒకే దిమ్మలో ఉంటాయి. వాటి ఒత్తిడి డబ్బాలో ఇంజిన్ ఆపాక కూడా విపరీతమైన ప్రెషర్ నిలిచి ఉంటుంది. ఇగ్నిషన్ ఆపి పెడల్‌ను 25 సార్లకు తక్కువ కాకుండా నొక్కి ఆ ప్రెషర్ దించనిదే ఒక్క నట్టు కూడా కదపకూడదు. తెలిసిన మెకానిక్కుకు అప్పగించడమే మేలు.

6. పేరులో ఆయిల్ ఉందని మోసపోకండి. మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు. ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా లోపలి రబ్బరు ఉబ్బి మొత్తం సిస్టమ్ పాడవుతుంది. వాషర్లకు గ్రీజు రాయడం, పెట్రోలుతో కడగడం కూడా అంతే. భాగాలను బ్రేక్ క్లీనర్‌తో కడిగి, ఆరనిచ్చి, తాజా బ్రేక్ ఆయిల్‌లోనే ముంచి బిగించండి.

7. డబ్బా మీది అంకె చూసి కొనండి. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఇవే 230, 155. డాట్ 5 సిలికాన్ రకం. దాన్ని మిగతావాటితో కలపకూడదు. డాట్ 5.1 మళ్లీ మామూలు రకమే, పేరు చూసి తికమకపడకండి. అల్మరాలో ఏడాదిగా మూత తీసి ఉన్న డబ్బాను వాడకండి. చింతపండు తేమ లాగినట్టు అది గాలిలో తేమ లాగేసి ఉంటుంది.

8. నట్లకు ముందు రోజే మందు వేయండి. ఇనుప గొట్టాల చివర ఉండే ఫ్లేర్ నట్లు మెత్తనివి. తుప్పు వదిలించే స్ప్రే ముందు రోజు రాత్రే కొట్టి ఉంచండి. మామూలు పానాతో బలం పెడితే మూలలు అరిగి నట్టు గుండ్రమైపోతుంది, చివరికి గొట్టం కూడా మార్చాల్సి వస్తుంది. నట్టును ఐదు వైపులా పట్టుకునే ఫ్లేర్ నట్ రెంచి కొనండి. జపాన్ కార్లకు ఎక్కువగా 10 ఎం.ఎం. సరిపోతుంది.

9. పెయింట్‌కు దుప్పటి కప్పండి. ఈ తప్పు నేనే చేశాను. గొట్టం విప్పినప్పుడు ఒక చుక్క ఫెండర్ మీద పడింది. తర్వాత తుడుద్దాంలే అనుకున్నాను. సాయంత్రానికి అక్కడ రంగు ఉడికిన టమాటా తొక్కలా ముడతలు పడి లేచింది. ప్లాస్టిక్ షీటు, దాని మీద పాత తువాళ్లు పరిచి, పక్కన బకెట్ నీళ్లు పెట్టుకోండి. ఈ ఆయిల్ నీళ్లలో కరుగుతుంది. చుక్క పడిన వెంటనే నీళ్లు పోస్తే రంగు దక్కుతుంది. కళ్లద్దాలు, చేతికి తొడుగులు తప్పనిసరి.

10. విప్పేముందు డబ్బా ఖాళీ చేయండి. పాత వంటింటి సిరంజితో ఆయిల్ లాగేయండి. ఆ సిరంజి మళ్లీ వంటింటి మొహం చూడకూడదు. మా బండిలోంచి వచ్చింది డికాషన్ రంగులో ఉంది. కొత్తది తేనె కంటే పలచటి పసుపు. ఆయిల్ లెవెల్ వైరు ఊడదీసి, గొట్టాలు విప్పి, చివరలకు వెంటనే రబ్బరు మూతలు పెట్టండి. ఆ తర్వాత పంపును బూస్టర్‌కు పట్టి ఉంచే నట్లు తీయండి.

11. పుష్‌రాడ్ సందు కొలవండి. చాలామంది దాటేసే పని ఇది. బూస్టర్ నుంచి వచ్చే కడ్డీకి, పంపు పిస్టన్‌కు మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. సందు లేకపోతే ఆయిల్ డబ్బాలోకి వెనక్కి వెళ్లే రంధ్రం మూసుకుపోయి, నడిచేకొద్దీ బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. ఎక్కువైతే పెడల్ సగం దిగాక గానీ పని మొదలవదు. పిల్లలు ఆడుకునే బంకమట్టి చిన్న ఉండ కడ్డీ కొసకు అంటించి, పంపు బిగించి తీస్తే, నలిగిన ఉండ మందమే ఆ సందు.

12. కొత్త పంపులోని గాలి బల్ల మీదే తీయండి. పంపును చెవుల దగ్గర వైస్‌లో పట్టించి, సమతలంగా ఉంచండి. సిలిండర్‌ను మాత్రం నొక్కకండి. రెండు రంధ్రాల నుంచి చిన్న ప్లాస్టిక్ గొట్టాలు వంచి, డబ్బాలో ఆయిల్ కింద మునిగేలా పెట్టండి. పిస్టన్‌ను చెక్క పుల్లతో మెల్లగా నొక్కుతూ వదులుతూ ఉండండి. మొదట సోడా బుడగల్లా వస్తాయి, తర్వాత ఒకటీ అరా, ఆఖరికి ఏమీ రావు. ఈ పావుగంట పని తప్పించుకుంటే చక్రాల దగ్గర సగం రోజు పోతుంది.

13. చక్రాల గాలి తీయడానికి నమ్మకమైన కాలు ఒకటి కావాలి. మా ఇంట్లో ఆ కాలు మా అమ్మాయిది. “నొక్కు తల్లీ.” “నొక్కా నాన్నా.” “వదలకు.” చక్రం దగ్గర గాలి తీసే నిపుల్‌ను నేను తిప్పగానే పారదర్శక గొట్టంలో బుడగలు సీసాలోకి దిగాయి. నిపుల్ బిగించాకే “ఇప్పుడు వదులు” అనాలి. ఈ వరస తప్పితే గాలి వెనక్కి వెళ్తుంది. పంపుకు దూరంగా ఉన్న చక్రం ముందు. ఎడమ స్టీరింగ్ మియాటాకైతే కుడి వెనక, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు. నాలుగైదు నొక్కులకోసారి డబ్బా నింపుతూ ఉండండి. పాత పంపునే ఉంచి గాలి తీస్తుంటే పెడల్ కింద చెక్క ముక్క పెట్టండి. రోజూ వాడకంలో పిస్టన్ వెళ్లని చోట తుప్పు ఉంటుంది, అక్కడిదాకా తోస్తే వాషర్ చిరుగుతుంది.

14. కాలు ఒప్పుకున్నాకే రోడ్డు. ఇంజిన్ ఆపి పెడల్ గట్టిగా నొక్కి ఒక నిమిషం పట్టి ఉంచండి. కాలు తీసి, ఇంజిన్ వేసి, మళ్లీ నొక్కి అంతే. వెంట్రుకవాసి కూడా దిగకూడదు. కీళ్లన్నిటినీ పొడి టిష్యూతో తుడిచి చూడండి. తర్వాత ఇంటి ముందు నడక వేగంతో, చేయి హ్యాండ్‌బ్రేక్ మీదే ఉంచి నడపండి. ఖాళీ పార్కింగ్‌లో నాలుగైదు సార్లు ఆపాక చక్రాలు ఏవైనా విపరీతంగా వేడెక్కాయేమో చూడండి. వేడెక్కితే 11వ చిట్కాకు వెనక్కి వెళ్లండి. పాత ఆయిల్‌ను మురుగు కాలువలో పోయకుండా సీసాలో పెట్టి హానికర వ్యర్థాలు తీసుకునే కేంద్రంలో ఇవ్వండి. ఇక నుంచి రెండేళ్లకోసారి ఆయిల్ మార్చండి. మార్చిన తేదీ టేపు మీద రాసి డబ్బాకు అంటించండి. మా డబ్బా మీది తేదీ మా అమ్మాయి చేతిరాతలో ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో ఇంకో ముక్క కూడా రాసింది: “పెడల్ దిగడం లేదు, నేనే నొక్కి చూశా.”