‘టు’ తర్వాత ‘హియర్’ కాదు, ‘హియరింగ్’

పరీక్షలు అయిపోగానే మన విద్యార్థులు చేసే మొదటి పని ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడం. ఆ దరఖాస్తుల చివర తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యూ’. మీ జవాబు కోసం ఎదురు చూస్తుంటాను అని దీని భావం. భావం మంచిదేగాని వాక్యం తప్పు.

డిగ్రీ కాగానే నేను పంపిన దరఖాస్తులన్నిటా ఇదే రాశాను. చివరికి మా లెక్చరరు గారొకరు చూసి, ‘హియర్’ పక్కన ఎర్ర సిరాతో ఐ, ఎన్, జి అని 3 అక్షరాలు చేర్చారు. ఎందుకండీ అంటే, ‘అది అంతేనోయ్’ అన్నారు. కాని ఎందుకో తెలియనిదే తప్పు పోదు కదా!

చిక్కంతా ‘టు’ దగ్గరుంది. ఇంగ్లీషులో ‘టు’లు రెండు. మొదటిది క్రియకు ముందుండే గుర్తు. ‘ఐ హోప్ టు హియర్’ అన్నప్పుడు క్రియ మారకుండా వస్తుంది. రెండవది మన విభక్తి ప్రత్యయం వంటి ప్రిపొజిషన్. ‘ఐ వెంట్ టు హైదరాబాద్’ అన్నట్లు, దాని తర్వాత నామవాచకం రావాలి. ‘లుక్ ఫార్వర్డ్ టు’లో ఉన్నది ఈ రెండవదే.

తెలుగులోనే చూడండి. ‘జవాబు కోసం’ అంటాం. క్రియ వస్తే ‘విను కోసం’ అంటామా? ‘వినడం కోసం’ అంటాం. ఆ ‘డం’ చేసే పనే అక్కడ ‘ఇంగ్’ చేస్తుంది. కనుక ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ’ అనే రాయాలి. స్నేహితుడికి రాసే ఉత్తరంలోనైతే ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్’ అంటే ఇంకా చనువుగా ఉంటుంది.

అనుమానం వస్తే క్రియ తీసేసి నామవాచకం పెట్టి చూడండి. ‘లుక్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై’ కుదురుతుంది; కాబట్టి క్రియకు ‘ఇంగ్’ కావాలి. ‘హోప్ టు యువర్ రిప్లై’ కుదరదు. అక్కడ ‘ఇంగ్’ వద్దు. ‘ఆబ్జెక్ట్ టు’కు కూడా ఇదే పరీక్ష.

‘యూజ్డ్ టు’తో మాత్రం జాగ్రత్త. ‘ఐ యూజ్డ్ టు గెట్ అప్ ఎర్లీ’ అంటే ఒకప్పుడు పెందలకడే లేచేవాణ్ణి అని. ‘ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎర్లీ’ అంటే అలా లేవడం నాకు అలవాటే అని.

ఒక్క ‘ఇంగ్’తో ఉద్యోగం వస్తుందని అనను. కాని మనల్ని చూడకముందే వాళ్ళు చూసేది మన ఉత్తరాన్ని. సంతకం చేసేముందు ఆ చివరి వాక్యాన్ని మరొక్కసారి చదువుకోండి.