‘మహానటి’: నచ్చింది, కానీ...

పిల్లలూ! మీ అమ్మమ్మ, తాతయ్య పాత తెలుగు సినిమాలు చూస్తుంటారా? అప్పట్లో అవి ఎక్కువగా మద్రాసులో, అంటే ఇప్పటి చెన్నైలో, తయారయ్యేవి. ఆ రోజుల్లో గొప్ప పేరు తెచ్చుకున్న నటి సావిత్రి. ఆవిడ జీవితం మీద నాగ్ అశ్విన్ తీసిన సినిమా ‘మహానటి’ 2018లో వచ్చింది. సావిత్రి పాత్ర వేసిన కీర్తి సురేష్‌కు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

ఏం బాగుంది?
1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖలా మారిపోతాడు. పైకి అమ్మాయి, లోపల రాక్షసుడు! సావిత్రి ఆ రెండింటినీ ఒకే ముఖంలో చూపించారు. ఆ పెళ్ళి పాటను ‘మహానటి’లో మళ్ళీ తీశారు. చూస్తే భలే సరదాగా ఉంటుంది. పాత స్టూడియోలు, చీరలు, కార్లు కూడా ముచ్చటగా ఉంటాయి.

ఏం బాగాలేదు?
సావిత్రి కథ మంచి పట్టు మీద ఉండగా, విలేకరుల కథ మధ్యలో వచ్చి ఆపేస్తుంది. 1968లో సావిత్రి ‘చిన్నారి పాపలు’ సినిమాకు దర్శకత్వం వహించారు. ఆ పని గురించి మనకు ఇంకా తెలిస్తే బాగుండేది.

ఇంకో మాట. ఇది నిజంగా బతికిన మనుషుల కథ. సావిత్రి భర్త, నటుడు జెమినీ గణేశన్‌ను ఇందులో సరిగా చూపించలేదని ఆయన కూతురు ఒకరు అభ్యంతరం చెప్పారు. సావిత్రి 1981లోనే చనిపోయారు. “ఇలా జరగలేదు” అని చెప్పడానికి ఆవిడా లేరు, ఆయనా లేరు. అందుకే సినిమా చూసి ఏడ్చినా, నవ్వినా, “అంతా అచ్చం ఇలాగే జరిగిందా?” అని అడగాలి.

కొత్త మాటలు
విలేకరి: పత్రికకు వార్తలు రాసే మనిషి
దర్శకత్వం: సినిమా ఎలా తీయాలో చెప్పి తీయించే పని
అభ్యంతరం: “ఇది నాకు ఒప్పుకోలు కాదు” అని చెప్పడం

ఇలా చెప్పండి
“పాటలు బాగున్నాయి, కానీ కథ నెమ్మదిగా సాగింది.”
“కథ నెమ్మదిగా సాగినా, నాకు నచ్చింది.”
రెండు వాక్యాలూ కథ నెమ్మదిగా సాగిందనే చెబుతున్నాయి. ఏది మెచ్చుకున్నట్టు వినిపిస్తోంది?

మీ పని
1. మీరు చూసిన ఒక సినిమా గురించి ‘కానీ’తో రెండు వాక్యాలు, ‘-నా’తో రెండు వాక్యాలు రాయండి.
2. ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి: “మీరు చూసిన మొదటి సావిత్రి సినిమా ఏది? ఎవరితో చూశారు?” వాళ్ళ జవాబు వాళ్ళ మాటల్లోనే రాయండి.
3. మీ జీవితం మీద ఎవరైనా సినిమా తీస్తే, తప్పుగా చూపించకూడని విషయం ఏది? మూడు వాక్యాల్లో చెప్పండి.